కారు రూఫ్ లైనింగ్ జారిపోతే: విప్పడం నుంచి మళ్ళీ బిగించడం దాకా

మా కారు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళంతా దాదాపు రెండేళ్ళు కొత్త పెళ్ళికూతుళ్ళలా తల వంచుకునే ప్రయాణం చేశారు. పైన గుడ్డ జారి షామియానాలా వేలాడుతూ నెత్తికి తగిలేది. దిగాక జుట్టులో, భుజాల మీద పసుపు రంగు పొడి. బండి 2004 మోడల్ జర్మన్ సెడాన్, పైన సన్‌రూఫ్ కూడా ఉంది. మా మావయ్య ముచ్చటపడి కొనుక్కుని, వయసు మీద పడ్డాక నాకు ఇచ్చేశారు. ఇంజిను చప్పుడు ఇప్పటికీ లోపలికి వినబడదు. లోపల చూస్తే మాత్రం తుఫానుకి కూలిన పందిరి.

మాది ఒడిశాలోని బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం పదహారు కిలోమీటర్లు. ఇటు ఇచ్ఛాపురం చేరితే ఆంధ్ర. ఉప్పుగాలి, ఉక్కపోత, ఏప్రిల్ నుంచి మండే ఎండ, అక్టోబరులో తుఫాన్లు. ఈ నాలుగూ కలిసే ఊళ్ళో పాత కారు ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. నేను ఈ పని మూడుసార్లు చూశాను. మొదటిసారి నేనే సిరంజితో గమ్ము ఎక్కించాను. రెండు వారాలు నిలిచింది. రెండోసారి ఒక కుషన్ షాపులో ఇచ్చాను. ఒక్క వేసవి నిలిచింది. మూడోసారి మొత్తం విప్పి, నేనూ మా బావమరిదీ కలిసి చేశాం. అది నాలుగో వేసవి కూడా దాటింది. కింద రాసింది ఆ మూడోసారి పద్ధతి. మొదటి రెండూ ఎందుకు పాడయ్యాయో తెలిస్తేనే మూడోది అర్థమవుతుంది కాబట్టి వాటి సంగతీ మధ్యలో వస్తుంది.

ముందు జబ్బు ఏమిటో చూడండి

అన్ని కార్ల పైకప్పులూ ఒకటి కావు. పాత అంబాసిడర్, పద్మిని లాంటి వాటిలో రెగ్జిన్ షీటుకి అడ్డంగా గొట్టాల్లా కుట్లు వేసి, వాటిలో ఇనుప కమ్మీలు దూర్చి లాగి కట్టేవారు. అది వేరే విద్య, దానికి ఈ వ్యాసం పనికిరాదు. ఆ తర్వాతి కార్లలో దాదాపు అన్నిటికీ రూఫ్ రేకు కింద అచ్చు పోసిన గట్టి బోర్డు ఉంటుంది. ఫైబర్‌గ్లాసుతోనో, రెజిన్ కలిపి నొక్కిన పీచుతోనో చేస్తారు. ఆ బోర్డుకి గుడ్డ అంటించి ఉంటుంది. గుడ్డ వెనక మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందాన పలచటి ఫోమ్ ఉంటుంది. జారిన చోట వేలితో పైకి నొక్కి చూడండి. గట్టిగా బోర్డు తగిలితే మీది ఈ రకమే.

ఇప్పుడు జారిన గుడ్డని ఒక మూల కాస్త లాగి వెనకవైపు చూడండి. ఫోమ్ కనబడదు. పొడి కనబడుతుంది, పసుపుగానో ముదురు ఇటుక రంగులోనో. దాన్ని చూసి అందరం ఒకే పొరపాటు పడతాం: "గమ్ము ఊడిపోయింది, మళ్ళీ గమ్ము రాస్తే సరి." గమ్ము ఊడలేదు. బోర్డు మీద గమ్ము అలాగే ఉంది, దానికి అంటుకున్న ఫోమ్ పలచటి పొరగా ఇంకా అక్కడే ఉంది. గుడ్డకి అంటుకున్న ఫోమూ గుడ్డతోనే ఉంది. మధ్యలోది చచ్చిపోయింది.

ఆ ఫోమ్ పాలీయురెథేన్. గాలిలోని తేమ దాని అణువుల గొలుసుల్ని మెల్లగా తెంపుతుంది, వేడి ఆ పనిని తొందర చేస్తుంది. బీరువాలో దాచుకున్న బూట్లు ఐదారేళ్ళ తర్వాత తీసి వేసుకుంటే అడుగు ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది చూశారా, అదీ ఇదీ ఒకటే. వాడకపోయినా పోతుంది. ఎండలో నిలిపిన కారు లోపల గాలే 60 డిగ్రీలు దాటుతుంది. పైన రేకు అంతకంటే ఎక్కువ కాలుతుంది, ఫోమ్ ఉండేది ఆ రేకు కిందే. పైగా మన సముద్రపు తేమ. పదిహేను, ఇరవై ఏళ్ళు నిలవడమే గొప్ప.

రెండోసారి చేసింది కూడా ఊడిపోయాక, ఆ షాపు కాకుండా ఇంకో ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అద్దాలు సవరించుకుని, వేలితో బోర్డు మీద గీసి, ఆ వేలు నాకు చూపించాడు. "ఏటి బాబూ, గమ్ముదేం తప్పు లేదు. కింద పిండి ఉంది. పిండి మీద గమ్మేటి నిలుస్తాది?" నా పనంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

చేయకూడనివి

సిరంజితో గమ్ము ఎక్కించడం, గుడ్డ మీద నుంచి స్ప్రే కొట్టడం, ఆవిరి పట్టడం, ఇవన్నీ పిండిని తడపడమే. రెండు వారాలకి మళ్ళీ జారుతుంది. పైగా గమ్ము గుడ్డలోంచి ఊరి నల్లటి మచ్చలు పడతాయి. నా కారులో డ్రైవరు నెత్తి మీద అలాంటివి పదకొండు మచ్చలు ఉండేవి. మా అబ్బాయి వాటిని కలిపి సప్తర్షి మండలం అనేవాడు.

స్టేప్లర్ పిన్నులు, స్క్రూలు అసలే వద్దు. చాలా ఖరీదైన కార్లలో తలుపుల పైన, రూఫ్ అంచుల వెంట మడిచిపెట్టిన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ఆ అంచుల్లో ఏది గుచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. వేలాడే గుడ్డ వెనక అద్దానికి అడ్డం వచ్చి, పనికి ఇంకా టైం ఉందనుకోండి, మధ్య భాగంలో మాత్రం కుషన్లకి వాడే మెలికల పిన్నులు నాలుగు గుచ్చుకుని రోజులు నెట్టొచ్చు.

నీళ్ళ మరకలు ఉంటే ఆగండి

గుడ్డ మీద, ముఖ్యంగా సన్‌రూఫ్ మూలల్లో, ముందు పిల్లర్ల (అద్దాల పక్కన రూఫ్‌ని మోసే నిలువు కమ్మీల) దగ్గర టీ ఒలికినట్టు గుండ్రటి మరకలు ఉన్నాయేమో చూడండి. ఉంటే పైనుంచి నీళ్ళు దిగుతున్నాయి. ముందు దాని సంగతి చూడకుండా లైనింగ్ వేస్తే డబ్బు కాలవలో పోసినట్టే.

సన్‌రూఫ్ నీళ్ళని పూర్తిగా ఆపదు. కొన్ని నీళ్ళు లోపలి పళ్ళెంలోకి దిగి, నాలుగు మూలల్లో ఉన్న సన్నటి గొట్టాల ద్వారా పిల్లర్లలోంచి కిందికి పోతాయి. ఆ గొట్టాలు పూడితే నీళ్ళు లైనింగ్‌లోకి వస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా మావయ్య వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కారు షెడ్డులోనే ఉన్నా ఆకులు, మట్టి ఆ పళ్ళెం నిండా చేరాయి. ఆ సంగతి మాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాత, బోర్డు దింపిన రోజున.

పరీక్ష తేలిక. సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో చిన్న గ్లాసుడు నీళ్ళు మెల్లగా పోయండి. కారు కింద, చక్రాల పక్క నుంచి ధారగా దిగాలి. దిగకపోతే చేపలు పట్టే మందపాటి నైలాన్ తీగ దూర్చి ఓపిగ్గా కదపండి. పంక్చరు షాపు గాలి మాత్రం గట్టిగా కొట్టించకండి. లోపల గొట్టం అతుకు దగ్గర ఊడిపోతే పిల్లరులోకే నీళ్ళు పోతాయి. అప్పుడు ఇల్లు చక్కబెట్టబోయి ఉట్టి తెంపుకున్నట్టవుతుంది.

ఎప్పుడు చేయాలి

మన వైపు నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. దీనికి కారణం ఉంది. గమ్ములోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూసిన చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, చల్లటి గ్లాసు బయట నీళ్ళు పట్టినట్టు, గమ్ము మీద తేమ పడుతుంది. పైన తెల్లటి పొర కనబడుతుంది. ఆ పొర మీద ఏదీ అంటుకోదు. అంటినట్టు అనిపిస్తుంది, మార్చి ఎండకి ఊడుతుంది. కుషన్ షాపులో నా పని జరిగింది ఆగస్టులో, బయట ముసురు పడుతుండగా. పిండి ఒక తప్పు, ముసురు రెండో తప్పు.

మే నెలలో ఇంకో తంటా. స్ప్రే కొట్టిన గమ్ము బోర్డు మీద పడేలోపే ఆరిపోయి సాలెగూడు పోగుల్లా లేస్తుంది. చలికాలంలోనే, మంచు విడిచాక పదింటికి మొదలుపెట్టి నాలుగు లోపల గమ్ము పని ముగించుకోవడం మేలు. విప్పడం ఒక రోజు, శుభ్రం ఒక రోజు, గమ్ము ఒక రోజు, ఆరడం ఒక రోజు. ఒకే ఆదివారంలో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

గుడ్డ, గమ్ము

గుడ్డ వెనక ఫోమ్ ఉన్నదే కావాలి. "ఫోమ్ వల్లే కదా పోయింది, ఉత్త గుడ్డ అంటించేద్దాం" అని మా బావమరిది అన్నాడు. వినడానికి బాగుంది. కానీ ఉత్త గుడ్డలోంచి గమ్ము ఊరుతుంది, బోర్డు మీది ప్రతి గీతా గుంటా పైకి కనబడుతుంది. మూడు మిల్లీమీటర్ల ఫోమ్ ఈ లోపాలన్నీ కప్పేస్తుంది. అంతకంటే మందం తీసుకుంటే మళ్ళీ సన్‌రూఫ్ అంచుల్లో, పిల్లర్ ప్లాస్టిక్‌ల కింద ఇమడదు.

బరంపురం సీటు కవర్ల షాపుల్లో రెగ్జిన్ కావలసినంత దొరుకుతుంది. సరైన రూఫ్ లైనింగ్ గుడ్డ నాకు విశాఖలో దొరికింది. కొనేటప్పుడు ఒక మూల ఫోమ్‌ని గోళ్ళతో లాగి చూడండి. గుడ్డ నుంచి చర్మంలా ఊడి వచ్చేస్తే వద్దు. ఫోమ్ చిరగాలి గానీ ఊడకూడదు. బోర్డు పొడవు, వెడల్పు కొలిచి నాలుగు వైపులా అరడుగు చొప్పున ఎక్కువ తీసుకోండి. సెడాన్‌కి మామూలుగా రెండు మీటర్లు సరిపోతుంది, గుంటలు లోతుగా ఉంటే ఇంకో అర మీటరు. గుడ్డని మడత పెట్టించకండి. ఫోమ్‌లో పడిన మడత పోదు. నేను ప్లాస్టిక్ గొట్టానికి చుట్టించి రైల్లో తెచ్చాను. పలాస దాకా ఎదురు సీటు పెద్దాయన అది పూజలో వాడే కొత్త రకం తివాచీ అనుకున్నాడు.

గుడ్డకి నూగు వాలు ఉంటుంది. ఇది నాకు తెలియదు. మా అత్తయ్యది ఈ ఊరి పట్టు నేత కుటుంబం. గుడ్డ మీద ఒక్కసారి చెయ్యి నిమిరి, "ఇటు నిమిరితే ఒక రంగు, అటు నిమిరితే ఒక రంగు. వాలు ముందుకే ఉంచు నాయనా, తలుపు తీయగానే కళ్ళకి అదే కనబడతాది" అన్నారు. సాగుడు కూడా చూసుకోవాలి. గుడ్డ ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ సాగుతుంది. ఎక్కువ సాగే వైపు కారు వెడల్పుకి వచ్చేలా పెడితే గుంటల్లో తేలిగ్గా దిగుతుంది. అన్ని ముక్కలూ ఒకే దిక్కున కోయాలి. సన్ వైజర్లకి (ముందు అద్దం పైన ఎండకి అడ్డం దించుకునే పలకలకి) మళ్ళీ గుడ్డ వేయాలనుకుంటే వాటికీ ఇదే నియమం.

గమ్ము విషయంలో తెల్ల ఫెవికాల్ మాట ఎత్తకండి. చెక్క పనికి అది బాగుంటుంది గానీ వేడికి, తేమకి మెత్తబడుతుంది. కావలసింది కుషన్ షాపుల్లో వాడే సింథటిక్ రబ్బరు గమ్ము, అందులోనూ వేడి తట్టుకునే రకం. డబ్బా మీద ఎంత వేడి తట్టుకుంటుందో రాసి ఉంటుంది. 80 డిగ్రీల కంటే తక్కువ రాసి ఉన్నది కొనకండి. కార్ల లైనింగ్ కోసమే వచ్చే స్ప్రే డబ్బాలు కూడా ఉన్నాయి. మామూలు క్రాఫ్ట్ స్ప్రేలు ఎండకి కరిగిపోతాయి.

నమ్మకం కోసం నేనొక పని చేశాను. అట్టముక్క మీద కొత్త గుడ్డ ముక్క అంటించి, గుడ్డ కిందికి వేలాడేలా వెనక అద్దం దగ్గర దారంతో కట్టి, ఎండలో నిలిపిన కారులో వారం రోజులు ఉంచాను. రెండు రకాల గమ్ములు అలా చూస్తే ఒకటి మూడో రోజుకే అంచులు వదిలేసింది. ఆ డబ్బా ఇప్పుడు చెప్పులు అతికించడానికి వాడుతున్నాం.

విప్పడం

బ్యాటరీ తీయడానికి ముందే మూడు పనులు చేసుకోవాలి. ముందు సీట్లు రెండూ వెనక్కి పూర్తిగా పడుకోబెట్టండి. కరెంటు సీట్లయితే ఆ తర్వాత అవి కదలవు. గేరు లివర్ బోర్డుకి అడ్డం రాని చోట పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. బ్యాటరీ డిక్కీలో ఉండే కారయితే, కనెక్షన్ తీశాక డిక్కీ మూత పడకుండా ఒక గుడ్డ కుక్కి ఉంచండి. మూత పడిందా, కరెంటు తాళం తెరుచుకోదు. ఈ ముక్క ఎలా తెలిసిందని అడక్కండి.

తర్వాత బ్యాటరీ మైనస్ వైరు తీసి పదిహేను నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవడానికి ఆ టైం. పసుపు రంగు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగులవి, ముట్టుకోవద్దు. పని మధ్యలో ఏ కనెక్టరైనా ఊడి ఉండగా బ్యాటరీ తగిలించి తాళం తిప్పకండి, మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు.

ఇక వరస. నేను దిగువ చెప్పేది సెడాన్‌కి, మీ బండిలో కాస్త అటూ ఇటూ అవుతుంది. ముందు సన్ వైజర్లు. చాలా జర్మన్ కార్లలో స్క్రూలు నక్షత్రం తలతో ఉంటాయి, టార్క్స్ టి20, టి25 బిట్లు చాలావరకు సరిపోతాయి. తర్వాత చేతి పట్టీలు, వాటి మూతల కింద స్క్రూలు దాగి ఉంటాయి. తర్వాత మధ్య లైటు, వెనక చదువుకునే లైట్లు, బట్టలు తగిలించే కొక్కేలు. తర్వాత తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ పైభాగం మాత్రం లాగి వదిలేయండి. ఆ తర్వాత పిల్లర్ల ప్లాస్టిక్‌లు: ముందువి, మధ్యవి, వెనకవి. ముందు పిల్లర్ ప్లాస్టిక్‌ని ఒక్కసారి గుంజకండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆ ముక్క ఎగిరి మొహం మీద పడకుండా లోపల ఒక పట్టీ క్లిప్పు పట్టి ఉంచుతుంది. దాన్ని పక్కకి తిప్పి తీయాలి. కొన్ని బళ్ళలో అది ఒకసారి తీస్తే పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. సన్‌రూఫ్ ఉంటే దాని నోటి చుట్టూ ఉన్న రబ్బరు అంచు ఒక మూల నుంచి లాగితే వచ్చేస్తుంది.

ఇరవై ఏళ్ళ ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. చలికాలం పొద్దున్నే ఈ పని వద్దు. కారుని గంటసేపు ఎండలో నిలిపి, లోపల వెచ్చబడ్డాక విప్పండి. స్క్రూడ్రైవరు బదులు ప్లాస్టిక్ గరిట లాంటిది వాడండి. క్లిప్పులు డజను ఎక్కువ కొనిపెట్టుకోండి, కనీసం నాలుగు విరుగుతాయి.

స్క్రూలు వేటివి వాటికి విడిగా పెట్టుకోవడానికి ఇడ్లీ ప్లేటుకి మించిన వస్తువు లేదు. ఒక గుంట ఎడమ వైజరు, ఒక గుంట కుడి వైజరు, అలా. మా ఇంట్లో ఆ ప్లేటు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, కొత్తది కొనివ్వాల్సి వచ్చింది. ప్రతి అడుగుకీ ఫోనుతో ఫోటో తీసుకోండి, వైర్లు ఎక్కడ ఏ టేపుతో అంటించి ఉన్నాయో ముఖ్యంగా.

చివర్లో బోర్డు రెండు మూడు క్లిప్పుల మీద నిలిచి ఉంటుంది. ఒకరు లోపల కూర్చుని రెండు చేతులతో మోస్తుండగా ఇంకొకరు ఆ క్లిప్పులు తీయాలి. సెడాన్‌లో ముందు ఎడమ తలుపులోంచి ఐమూలగా బయటికి వస్తుంది. రానప్పుడు వంచాలని చెయ్యి దురద పెడుతుంది. వంచకండి. బోర్డులో ఒకసారి విరుపు పడితే ఎంత అతికించినా కొత్త గుడ్డ మీద గీతలా కనబడుతుంది. ముందు సీటు విప్పి పక్కన పెట్టడానికి పది నిమిషాలు ఎక్కువ పట్టినా అదే నయం. అయితే చాలా బళ్ళలో సీటులోనూ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఆ వైరు సంగతి తెలిసిన మెకానిక్ చేత తీయించండి.

పిండి దులపడం

పని మొత్తంలో అసలైంది ఇది. అందరూ తొందరపడేదీ ఇక్కడే.

బోర్డుని ఆరుబయట, మంచం మీద పాత పరుపు వేసి దాని మీద పెట్టండి. ముక్కుకి ఎన్95 మాస్కు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. ఆ పొడి గాలిలో తేలుతూ ఉంటుంది, గొంతులో మండుతుంది. చిన్నపిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్ళని దూరంగా పంపేయండి. పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయేమో కూడా చూసుకోండి. నేను చూడలేదు.

పాత గుడ్డని ఒక అంచు నుంచి లాగితే దుప్పటిలా వచ్చేస్తుంది. పారేయకండి, సన్‌రూఫ్ కోతకీ లైటు రంధ్రాలకీ కొలతగా పనికొస్తుంది. ఇప్పుడు బోర్డు మీద మిగిలింది పసుపు రంగు ఫోమ్ పొర. దాన్ని బట్టలుతికే నైలాన్ బ్రష్‌తో, ఒకే దిక్కుగా, నొక్కకుండా దులపాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే బోర్డు పీచు లేచిపోతుంది. నీళ్ళు పోస్తే పీచు బోర్డు ఉబ్బి వంకర తిరుగుతుంది. పెట్రోలు, థిన్నరు రాస్తే పాత గమ్ము కరిగి బంకగా మారుతుంది, కొన్ని బోర్డుల్ని తినేస్తాయి కూడా. పొడి బ్రష్, తర్వాత వాక్యూమ్ క్లీనర్, మళ్ళీ బ్రష్. గుంటల్లోకి పాత టూత్‌బ్రష్.

అరగంటలో అయిపోయినట్టు కనబడుతుంది. అవదు. మాకు ఇద్దరికీ కలిపి మూడున్నర గంటలు పట్టింది. అయిందో లేదో ఎలా తెలియాలంటే, ముసలి మేస్త్రి చేసిన పనే: వేలు కాదు, అరచెయ్యి మొత్తం ఆనించి రుద్దండి. చెయ్యి పసుపైతే ఇంకా ఉంది. నల్లటి గుడ్డతో తుడిచి చూసినా సరే. పాత గమ్ము గట్టిగా, పొరలా అంటుకుని ఉంటే ఉండనివ్వండి, దాని మీద కొత్తది పడుతుంది. వేలికి జిగటగా తగిలే చోటు మాత్రం గీకేయాలి.

మా బోర్డు సన్‌రూఫ్ పక్కన నీళ్ళకి మెత్తబడి చీలి ఉంది. అలాంటి చోట పైవైపు నుంచి, అంటే రేకుకి ఆనుకునే వైపు నుంచి, ఫైబర్‌గ్లాస్ మ్యాట్ ముక్క పెట్టి ఎపాక్సీ పూసి, కింద చదునైన చెక్క ఆనించి ఒక రోజు ఆరనివ్వండి. కనబడే వైపు గరుకుగా ఉంటే సన్నటి ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోతుంది.

గమ్ము పెట్టడం

ఈ గమ్ము ఆవిరి మంట అందుకుంటుంది, తల తిప్పుతుంది. తలుపులు వేసిన గదిలో వద్దు. బీడీ, సిగరెట్టు, గ్యాస్ పొయ్యి, తులసి కోట దగ్గర దీపం, ఏదీ దగ్గరలో ఉండకూడదు. రసాయనాల ఆవిరిని వడగట్టే మాస్కు ఉంటే ఇంకా మంచిది, ఎన్95 ఆవిరిని ఆపదు.

ముందు గమ్ము లేకుండా గుడ్డ పరిచి చూడండి. బోర్డు మధ్య గీత, గుడ్డ మధ్య గీత సుద్దతో వెనకవైపు గుర్తు పెట్టుకోండి. నూగు వాలు మరోసారి చూసుకోండి. ఇప్పుడు గుడ్డ ముందు సగాన్ని వెనక్కి మడవండి, గట్టిగా నొక్కకుండా. సగం బోర్డు, సగం గుడ్డ వెనక బయటపడతాయి.

బ్రష్‌తో పూస్తే గమ్ము గడ్డలు పడి, మందంగా ఉన్న చోట ఫోమ్ లోపలికి ఇంకి గుడ్డ మీద మచ్చ తేలుతుంది. గమ్ము గన్, చిన్న కంప్రెసర్ ఉన్న కుషన్ షాపువాళ్ళని ఒక పూటకి రమ్మంటే వస్తారు. స్ప్రే డబ్బా అయినా సరే. ఒక జానెడు దూరం నుంచి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, రెండు వైపులా కొట్టాలి, బోర్డుకీ ఫోమ్‌కీ. అంచుల దగ్గర, గుంటల్లో ఇంకో పూత. తర్వాత ఆగాలి. ఐదు నుంచి పది నిమిషాలు. వేలి వెనక భాగం ఆనిస్తే జిగటగా ఉండాలి, వేలికి అంటకూడదు. తడిగా ఉండగా అంటిస్తే ద్రావకం లోపల చిక్కుకుని తర్వాత బుడగలు లేస్తాయి.

ఇప్పుడు ఇద్దరూ చెరో మూల పట్టుకోండి. మధ్య నుంచి మొదలుపెట్టి అరచేతితో బయటికి నిమురుతూ రండి. గుంట వచ్చిన చోట ఆగి, ముందు గుంట అడుగుకి వేళ్ళతో గుడ్డని దించి, తర్వాతే పక్కలకి వెళ్ళాలి. కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. గుంట మీద గుడ్డని వంతెనలా బిగించి లాగి రెండు ఒడ్డులకీ అంటించేస్తారు, చూడ్డానికి నున్నగా ఉంటుంది. మొదటి వేసవికి ఆ వంతెన కిందికి లాగి చుట్టూ ఊడదీస్తుంది. గుడ్డని లాగకండి, దించండి. అప్పడాల కర్రతో దొర్లించకండి కూడా, ఫోమ్ అణిగి అచ్చు పడుతుంది. అరచెయ్యి చాలు. ముడత పడితే వెంటనే మెల్లగా లేపి మళ్ళీ వేయొచ్చు, ఒకటి రెండు నిమిషాలు దాటితే ఫోమ్ చిరుగుతుంది.

ముందు సగం అయ్యాక వెనక సగం ఇలాగే.

సన్‌రూఫ్ కోత తొందరపడి కోయకండి. మొత్తం ఒక రాత్రి ఆరాక, రంధ్రం లోపల రెండు మూడు సెంటీమీటర్ల అంచు వదిలి కోసి, మూలల్లో గాట్లు పెట్టి, ఆ అంచుని వెనక్కి మడిచి గమ్ముతో అంటించాలి. గాటు మూల దాకా వెళ్ళకూడదు, అర సెంటీమీటరు ముందే ఆగాలి. లేకపోతే మూలలో బోర్డు కనబడుతుంది. బయటి అంచులు అంగుళం మడుపుతో వెనక్కి అంటించండి. లైటుకీ వైజరు స్క్రూలకీ కొత్త బ్లేడుతో అడ్డుకోత, నిలువుకోత పెడితే చాలు, గుండ్రంగా కోయనక్కర్లేదు. బ్లేడు మొండిదైతే ఫోమ్ పీక్కువస్తుంది, ప్రతి రెండు కోతలకీ బ్లేడు మార్చండి.

తిరిగి బిగించడం

పూర్తిగా 24 గంటలు నీడలో ఆరనివ్వండి. ఈలోగా రేకు లోపలివైపు తుప్పు ఏమైనా ఉంటే గీకి రంగు వేసుకోవచ్చు, ఇంకోసారి ఈ అవకాశం రాదు. వైర్లు ఫోటో చూసి యథాస్థానంలో టేపు వేయండి. చేతులు సబ్బుతో కడుక్కుని బోర్డు పట్టుకోండి, లేత రంగు గుడ్డ మీద గ్రీజు వేలిముద్ర పోదు.

విప్పిన వరసకి తిరగేసి వెళ్ళడమే. వెనక అంచు ముందు దూర్చి, లైటు స్క్రూలు, పట్టీలు సగం సగం బిగించి బోర్డు నిలబెట్టాక మిగతావి. పిల్లర్ ప్లాస్టిక్‌లు బిగించేటప్పుడు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడతకి ఏ వైరూ గుడ్డా అడ్డం రాకుండా చూడండి. ముందు పిల్లర్ల ప్లాస్టిక్‌కి కూడా గుడ్డ మార్చాలనిపిస్తుంది. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అనే అచ్చు ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది, రంగు కాస్త తేడాగా ఉన్నా పరవాలేదు. అన్నీ బిగించి, అన్ని కనెక్టర్లూ తగిలించాకే బ్యాటరీ.

మొదటి వారం కారుని మిట్టమధ్యాహ్నం ఎండలో అద్దాలు బిగించి వదలకండి. నీడలో, అద్దాలు ఒక వేలు మందం దించి ఉంచితే మిగిలిన ద్రావకం వాసనతో పాటు బయటికి పోతుంది. వాసన మాకు పది రోజులు ఉంది. మా మావయ్య అప్పుడే ఎక్కి కూర్చుని, పైకి కూడా చూడకుండా, "కొత్త కారు వాసన వస్తోందేమిటి" అన్నారు.

మిగిలిన గుడ్డని గొట్టానికి చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, డిక్కీలో కాకుండా ఇంట్లో అటక మీద పెట్టుకోండి. ఎండ తగలని చోట అయితేనే వైజర్ల గుడ్డ చిరిగిన రోజున అదే రంగు దొరుకుతుంది.